పోస్టింగ్ వచ్చింది, ఇంటి అగ్రిమెంటు మిగిలింది: ఏ దారి ఎవరికి?

మొన్న చలికాలంలో ఒడిశాలో గోపాల్‌పూర్‌లో ఆర్మీ డ్యూటీ చేసే కుర్రాడొకడు మా ఇంటికొచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో స్టాంపు కాగితం, దానికి పిన్ను కొట్టిన ఆరు పేజీలు. బరంపురంలో అంబాపువా వైపు ఒక ఇల్లు 38 లక్షలకు బేరం కుదుర్చుకుని 2 లక్షలు బయానా (బేరం ఖాయమని ముందుగా ఇచ్చే సొమ్ము) ఇచ్చాడు. నెల తిరక్కుండా ఇంకో 5 లక్షలు బ్యాంకు ద్వారా కట్టాడు. మిగిలిన 31 లక్షల్లో 30 లక్షలు లోను. రిజిస్ట్రీకి డెబ్బై రోజుల గడువుందనగా పోస్టింగ్ వచ్చిపడింది, అదీ ఫీల్డుకి.

"సార్, ఆర్డరు చూపిస్తే అగ్రిమెంటు దానంతటదే రద్దయిపోతుందంట కదా?" అన్నాడు.

కాగితాలన్నీ ఒడియాలో ఉన్నాయి. వాడిది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. ఒడియా మాట్లాడతాడు, చదవలేడు. ఎక్కడెక్కడ సంతకం పెట్టాడో వేలు పెట్టి చూపించాడు గానీ, ఏ షరతుకి పెట్టాడో చెప్పలేకపోయాడు. ఇచ్ఛాపురం దాటి ఇటొచ్చి ఇల్లు కొనుక్కునే మనవాళ్ళలో సగం మంది పరిస్థితి ఇదే.

నేనూ యూనిఫారం వేసుకున్నవాణ్ణే. ఇలాంటి కాగితం వల్ల ఒకసారి డబ్బు పోగొట్టుకున్నాను కూడా. ఆ కథ దాని చోట చెప్తాను. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, కోరాపుట్ వైపు ఇల్లో స్థలమో మాట్లాడుకుని మధ్యలో బదిలీలో చిక్కుకున్న వాళ్ళ ముందు అయిదు దారులున్నాయి. ఏది ఎవరికి నప్పుతుందో చూద్దాం.

ఆర్డరు చూపిస్తే రద్దవుతుందా?

అవ్వదు. ఈ మాట మనదాకా ఎలా వచ్చిందో నాకు తెలుసు. అమెరికాలో 2003 నాటి చట్టం ఒకటుంది. బదిలీ ఆర్డరో, 90 రోజులకు తగ్గని డిప్లాయ్‌మెంటో వస్తే సైనికుడు అద్దె ఇంటి ఒప్పందాన్ని మధ్యలో వదులుకోవచ్చు. దాని గురించి వీడియోలు చూసి మనవాళ్ళు "ఆర్మీవాళ్ళకి ఉంది" అనుకుంటారు. అక్కడ కూడా అది అద్దెకే. కొనుగోలు అగ్రిమెంటుకి వర్తించదు. అమెరికా సైనికుడు సైతం ఇల్లు కొనేటప్పుడు "బదిలీ అయితే వెనక్కి తగ్గుతాను" అని ముందే రాయించుకోవాలి.

మన దేశంలో కొనుగోలు ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద నడుస్తుంది. అందులో 56వ సెక్షను 'చేయడం అసాధ్యమైతే ఒప్పందం చెల్లదు' అంటుంది. బదిలీ ఇబ్బందే గానీ అసాధ్యం కాదు. దీనిమీద దేశమంతా ఉదహరించే తీర్పు, చిత్రంగా, సైన్యంతో ముడిపడ్డదే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కలకత్తాలో ప్లాట్లు వేసి అమ్మిన కంపెనీ భూమిని ప్రభుత్వం సైనిక అవసరాలకని తాత్కాలికంగా తీసుకుంది. ఇక ఒప్పందాలు చెల్లవని కంపెనీ అన్నది. సత్యబ్రత ఘోష్ కేసుగా పేరుపడ్డ ఆ వ్యవహారంలో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. సైన్యం భూమిలోకే దిగినా ఒప్పందం నిలబడింది. ఇక మనకొచ్చిన మూవ్‌మెంట్ ఆర్డరు ఏపాటిది?

దారి ఎంచుకునేముందు చూడాల్సినవి

మొదటిది, ఇచ్చిన డబ్బుకి కాగితంలో ఏం పేరు రాశారు. అన్నిటికన్నా ఇదే ముఖ్యం. బయానా వేరు, ధరలో భాగంగా కట్టిన వాయిదా వేరు. 1963లో ఫతే చంద్ కేసులో లక్షా పన్నెండువేల అయిదొందల బేరానికి కొనేవాడు 1,000 బయానా, ఆపైన 24,000 ఇచ్చాడు. తప్పితే మొత్తం పోతుందని అగ్రిమెంటులో రాశారు. సుప్రీంకోర్టు ఆ వెయ్యి ఉంచుకోనిచ్చింది, 24,000 ఊరికే జప్తు చేసుకోవడానికి వీల్లేదంది. 2012లో సతీశ్ బత్రా కేసు ఇంకోలా తిరిగింది. 70 లక్షల ఆస్తికి 7 లక్షలు 'బయానా' అనే రాశారు, తప్పితే పోతుందని కూడా రాశారు. ఏడు లక్షలూ పోయాయి. కాబట్టి మీ కాగితంలో ఒడియాలో ఏ మాట ఉందో చదవగలిగినవాళ్ళ చేత ఒక్కో వాక్యం చదివించుకోండి. ఆ చదివేవాడు బ్రోకరు కాకుండా చూసుకోండి.

రెండోది, గడువు. రిజిస్ట్రీ తేదీకీ మీరు బయల్దేరే తేదీకీ మధ్య ఎన్ని రోజులున్నాయి? మూడోది, మీరు లేకుండా ఆ పని ఇంకెవరైనా చేయగలరా? నాలుగోది, అవతలివాడు ఎవరు? బిల్డరా, లేక కూతురి పెళ్ళికో అప్పు తీర్చడానికో ఇల్లమ్ముకుంటున్న మామూలు మనిషా? అయిదోది, రేపు కోర్టుదాకా వెళ్తే మీకు సెలవు దొరుకుతుందా?

వీటన్నిటికన్నా ముందు చూసుకోవాల్సిందొకటుంది. అసలు ఆ ఒప్పందం నిలబడేదేనా? రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి, నవరంగ్‌పూర్ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతాలు. గజపతిలో కొంత భాగం కూడా అంతే. అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరులకు అమ్మడానికి 1956 రెగ్యులేషన్ ఒప్పుకోదు, 2002 సవరణతో అది ఇంకా బిగిసింది. షెడ్యూల్డ్ ప్రాంతం కానిచోట్ల, అంటే గంజాంలో ఎక్కువ భాగం వంటిచోట్ల కూడా, ఎస్సీ, ఎస్టీల భూమి బయటివాళ్ళు కొనాలంటే రెవెన్యూ అనుమతి కావాలి. అలాంటి స్థలానికి అడ్వాన్సిచ్చి ఉంటే మీకు బదిలీతో పనేలేదు, చెల్లని ఒప్పందం కింద ఇచ్చిన డబ్బు తిరిగి అడగొచ్చు. అలాగే పట్టాలో కిసమ్, అంటే భూమి రకం, 'ఘరబారి' (ఇంటిస్థలం) అని ఉందా, ఇంకా పొలంగానే ఉందా చూడండి. మార్పించి ఇస్తానని అమ్మేవాడు రాసిచ్చి, గడువులో చేయకపోతే తప్పు అతనిది. అన్నదమ్ముల సంతకాలు తెస్తానని తేకపోయినా అంతే. అప్పుడు మీరు వెనక్కి తగ్గడం లేదు, అతను మాట తప్పాడు. ఈ రెంటికీ లక్షల్లో తేడా.

మొదటి దారి: గడువు పొడిగించుకోవడం

అందరూ చివర్లో అడిగేది ఇది. మొదట అడగాల్సిందీ ఇదే. స్థిరాస్తి వ్యవహారాల్లో గడువు దాటిన మర్నాడే ఒప్పందం చచ్చిపోదు. గడువే ప్రాణమని కాగితంలో స్పష్టంగా రాసుకుంటే తప్ప కోర్టులు కొంత ఉదారంగానే చూస్తాయి. అలాగని నోటిమాట చాలదు. "సరే బాబూ, సెలవుకొచ్చినప్పుడు చేసుకుందాం" అన్న ముసలాయన రేపు కొడుకు మాట విని మారిపోవచ్చు. పాత అగ్రిమెంటు తేదీ, కొత్త గడువు, మిగతా షరతులు యథాతథం అని ఒక పేజీ రాయించి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. అసలుది రిజిస్టర్ అయ్యుంటే ఇదీ రిజిస్టర్ చేయించడం మేలు.

ఫీల్డు టెన్యూరు రెండు మూడేళ్ళు. అన్నాళ్ళు ఎవరూ ఆగరు. వచ్చే సెలవు నాలుగైదు నెలల్లో గ్యారంటీగా దొరుకుతుందనుకుంటేనే ఈ దారి పనికొస్తుంది. ఒకటి గుర్తుపెట్టుకోండి, బ్యాంకు శాంక్షన్ లెటరుకి కూడా గడువుంటుంది.

రెండో దారి: కొనేసి వెళ్ళిపోవడం

బదిలీ అయింది మీకు, ఇంటికి కాదు. ఇల్లు నచ్చే కొన్నారు కదా! వెళ్ళేముందే రిజిస్ట్రీ అయితే సరేసరి. కాకపోతే రెండు మార్గాలు. అగ్రిమెంటు భార్య పేరు మీదకు మార్పించడం మొదటిది. ఒడిశాలో ఆడవాళ్ళ పేరిట స్టాంపు డ్యూటీ ఒక శాతం తక్కువ, మగవాళ్ళకి 5, ఆడవాళ్ళకి 4. 38 లక్షల ఇంటికి 38,000 మిగులుతాయి. రెండోది, నమ్మకస్తుడికి పవర్ ఆఫ్ అటార్నీ. కొనేవాడి ఫోటో, వేలిముద్రలు కూడా దస్తావేజుకి కావాలి గనక ఊరికే "మా బావని పంపిస్తా" అంటే కుదరదు. పవరు నోటరీ దగ్గర కాకుండా మీరుండే చోటి సబ్‌రిజిస్ట్రారు ముందు రాసి ధ్రువీకరించుకోండి. రిజిస్ట్రేషన్ చట్టం అడిగేది అదే. లోనుంటే బ్యాంకు తన నమూనాలోనే రాయమంటుంది. పవరులో "ఫలానా ఇల్లు కొనడానికి మాత్రమే" అని బిగించి రాయించండి, అమ్మే అధికారం ఇవ్వకండి. బావే కావచ్చు, అయినా సరే.

ఇక లెక్క. 30 లక్షల లోను 20 ఏళ్ళకి 8.5 శాతం మీద నెలకి సుమారు 26,000 కడతారు. బరంపురంలో రెండు గదుల ఇంటికి అందులో సగం అద్దె వస్తే అదృష్టమే. మిగతా సగం ఫీల్డులో ఉన్నన్నాళ్ళూ జీతంలోంచి కదలాలి. పిల్లల్ని ఇక్కడే ఉంచి వెళ్ళేవాళ్ళకి ఈ లెక్క వేరేలా పడుతుంది. భార్యాపిల్లలు ఆ ఇంట్లోనే ఉంటే బయట అద్దె తప్పుతుంది. ఎంకేసీజీ మెడికల్ కాలేజీ దగ్గరో, భంజవిహార్ యూనివర్సిటీ దారిలోనో అయితే అద్దెకుండేవాళ్ళకి కొదవుండదు. గోపాల్‌పూర్ బీచ్ దగ్గరి ఇల్లయితే నేను ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాను. తాళం వేసిన ఇంటిని ఆ ఉప్పుగాలి రెండేళ్ళలో ఏం చేస్తుందో చూశాను. కిటికీ ఊచలు చేత్తో నలిపితే రేకులు రేకులుగా రాలాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రి ఇంటి యజమాని అక్కడెక్కడో కొండల్లో ఉంటే ఎగిరిపోయిన రేకులు ఏరేదెవరు?

మూడో దారి: ఇంకొకరిని మన స్థానంలోకి తేవడం

ఎక్కువమందికి తట్టనిదీ, నాకు అన్నిటికన్నా నచ్చేదీ ఇదే. మామూలు కొనుగోలు ఒప్పందంలో కొనేవాడి హక్కు, కాగితంలో నిషేధం లేకపోతే, ఇంకొకరికి బదలాయించొచ్చు. చాలా అగ్రిమెంట్లలో "మీ పేరునగానీ మీరు చెప్పినవారి పేరునగానీ" అన్న మాట ఉండనే ఉంటుంది. ఉంటే మీరు సగం గట్టెక్కినట్టే. అమ్మేవాడికి ధర తగ్గదు, గడువు మారదు, మనిషి మాత్రమే మారతాడు. మీ డబ్బు కొత్తవాడు మీకిస్తాడు. బయానా అన్న పేరుకి భయపడాల్సిన పనే లేదు.

మనిషెక్కడ దొరుకుతాడంటారా? మీరు వదిలే చోటికే ఇంకొకడు పోస్టింగ్ మీద వస్తున్నాడు. యూనిట్‌లో అడగండి. ఛత్రపూర్‌లో రేర్ ఎర్త్స్ కంపెనీలో చేసేవాళ్ళు, మెడికల్ కాలేజీ స్టాఫు, గుజరాత్ సూరత్‌లో సంపాదించి ఊళ్ళో ఇల్లు కొనాలనుకునే గంజాం వాళ్ళు, ఇలా చాలామందే ఉన్నారు. బ్రోకరుకి చెప్తే కమీషను అడుగుతాడు, ఇవ్వండి. పోయేదానికన్నా అది తక్కువే.

జాగ్రత్త పడాల్సింది ఒక్కచోట. ముగ్గురూ, అంటే అమ్మేవాడు, మీరు, కొత్తవాడు, ఒకే కాగితంలో సంతకం పెట్టాలి. మీ బాధ్యత అంతటితో తీరిందని అందులో ఉండాలి. లేకపోతే కొత్తవాడు తప్పుకున్న రోజు అమ్మేవాడు మళ్ళీ మీ నంబరుకే ఫోన్ చేస్తాడు. బిల్డరు ఫ్లాటయితే పేరు మార్పుకి రుసుం అడుగుతాడు, అది ఎంతో అగ్రిమెంటులోనే వెతకండి.

నాలుగో దారి: మాట్లాడుకుని రద్దు చేసుకోవడం

ఇక నా కథ. నేను హవల్దారుగా ఉన్న రోజుల్లో బరంపురంలోనే ఒక పాత ఇంటికి లక్షన్నర బయానా ఇచ్చాను. అరుణాచల్‌కి పోస్టింగ్ వచ్చింది. యజమానికి ముఖం చూపించలేక, "వెళ్ళాక ఫోన్ చేద్దాంలే" అనుకున్నాను. వెళ్ళాక సిగ్నల్ లేదు. ఉన్న రోజున ధైర్యం లేదు. రెండు నెలల తర్వాత బావమరిదిని పంపితే, పెద్దాయన వాణ్ణి కూర్చోబెట్టి టీ ఇచ్చి ఇలా అన్నాడట. "మీ బావ బదిలీ అయిన రోజే చెప్పుంటే సగం ఇచ్చేవాణ్ణి బాబూ. అప్పటికి నా దగ్గరికి ఇంకొకడు బేరానికొచ్చాడు, మాట తప్పకూడదని పంపించేశాను. ఇప్పుడు వాడూ లేడు." ఆయన్ని తప్పుపట్టడానికి నా దగ్గర మాట లేదు. లక్షన్నరా పోయింది.

కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను కింద, ఒప్పందంలో రాసిన మొత్తాన్ని మించకుండా, న్యాయమైన పరిహారం మాత్రమే అవతలివాడికి దక్కుతుంది. కైలాశ్ నాథ్ కేసులో 2015లో సుప్రీంకోర్టు నష్టమే లేనప్పుడు జప్తు కుదరదంది. బేరానికి కూర్చున్నప్పుడు ఇది మీ చేతిలో ఉండే ముక్క. అమ్మేవాడికి ఇంకో కొనుగోలుదారు వెంటనే దొరికే అవకాశముంటే అతని నష్టం తక్కువ. కాబట్టి వార్త వెంటనే చెప్పడమే మీ బలం. రోజులు గడిచేకొద్దీ అతని నష్టం పెరుగుతుంది, దాంతోపాటు మీరు వదులుకోవాల్సిందీ పెరుగుతుంది.

కుదిరాక రద్దు పత్రం రాసుకోండి. ఎంత తిరిగి వస్తుంది, ఏ తేదీకి, ఏ ఖాతాలోకి, ఇద్దరికీ ఇక ఏ బాకీలూ లేవు అన్నవి అందులో ఉండాలి. అసలు అగ్రిమెంటు రిజిస్టర్ అయితే రద్దు కూడా రిజిస్టర్ కావాలి. డబ్బు తిరిగి తీసుకునేటప్పుడు నగదు వద్దు. ఆస్తి అడ్వాన్సు 20,000 గానీ అంతకుమించి గానీ నగదుగా తీసుకున్నా, తిరిగిచ్చినా ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. లోను విడుదలైపోయి ఉంటే వెనక్కొచ్చే డబ్బు ముందు బ్యాంకుకే వెళ్తుంది. ఫ్లోటింగ్ వడ్డీ గృహరుణాన్ని ముందే తీర్చినందుకు బ్యాంకులు వ్యక్తుల దగ్గర జరిమానా తీసుకోకూడదు, రిజర్వు బ్యాంకు 2012 నుంచీ అదే చెబుతోంది. ప్రాసెసింగ్ ఫీజు మాత్రం పోయినట్టే.

అవతల ఉన్నది రెరాలో (రియల్ ఎస్టేటు నియంత్రణ సంస్థలో) నమోదైన బిల్డరయితే వ్యవహారం వేరు. 2016 రెరా చట్టం ప్రకారం అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో పది శాతం మించి తీసుకోకూడదు. రెరా నమూనా అగ్రిమెంటులో, బిల్డరు తప్పు లేకుండా మీరే వెనక్కి తగ్గితే బుకింగ్ మొత్తం అతనుంచుకుని మిగతాది 45 రోజుల్లో ఇవ్వాలని ఉంటుంది. మీ కాగితంలో ఆ క్లాజు ఎలా రాశారో చూసుకోండి. ఇక్కడ బతిమాలుకునే పని తక్కువ, లెటరు రాసి రసీదు తీసుకునే పని ఎక్కువ. ఫ్లాటు ఇవ్వడంలో బిల్డరే ఆలస్యం చేసుంటే, 18వ సెక్షను కింద వడ్డీతో సహా మొత్తం వెనక్కి అడగొచ్చు. అలాంటప్పుడు మీ బదిలీ గురించి ఆ లెటరులో ఒక్క ముక్క రాయకండి.

అయిదో దారి: చెప్పాపెట్టకుండా మానేయడం, లేదా కోర్టు

చెప్పకుండా మానేస్తే ఏమవుతుందో పైన చెప్పాను. దానికి తోడు, 2018లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సవరించాక ఒప్పందం అమలు చేయించమని అడగడం తేలికైంది. కొనేవాడికే కాదు, అమ్మేవాడికీ ఆ దారి ఉంది. "కొనాల్సిందే" అని అతను దావా వేయొచ్చు.

కోర్టే గతి అయితే సైనికుడికి కొన్ని సౌకర్యాలున్నాయి, చాలామందికి తెలియవు. దావా నడపడానికి సెలవిచ్చినట్టు అధికారి సర్టిఫికెట్ ఇస్తే, ఆ సెలవు రోజుల్లోనే విచారణ జరిగేలా కోర్టు వీలైనంతవరకు చూడాలని 1950 ఆర్మీ చట్టం 32వ సెక్షను. సెలవే దొరక్కపోతే, కమాండింగ్ ఆఫీసరు ముందు సంతకం పెట్టిన కాగితంతో ఇంకొకరికి దావా నడిపే అధికారమివ్వొచ్చు, అది సివిల్ ప్రొసీజర్ కోడ్ 28వ ఆర్డరు. మల్కన్‌గిరి, కోరాపుట్ క్యాంపుల్లోని బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్ వాళ్ళకి ఆర్మీ చట్టం వర్తించదు, తమ దళం చట్టం ఏమంటుందో విడిగా చూసుకోవాలి. ఇవన్నీ తారీకుల ఇబ్బంది తగ్గిస్తాయే తప్ప కేసు గెలిపించవు. డబ్బు వాపసు దావాకి మూడేళ్ళ గడువుంది, అది దాటనివ్వకండి.

| దారి | పోయే డబ్బు (38 లక్షల ఉదాహరణలో) | మీరు ఊళ్ళో ఉండాలా | ఎక్కడ బెడిసికొడుతుంది |
|---|---|---|---|
| గడువు పొడిగింపు | దాదాపు లేదు | ఒక్కసారి సంతకానికి | సెలవు దొరక్కపోతే |
| కొనేసి వెళ్ళడం | పోదు, నెలనెలా చేతి డబ్బు పడుతుంది | పవరు లేదా భార్య పేరుంటే అక్కర్లేదు | ఖాళీ ఇల్లు, ఆలస్యమయ్యే అద్దె |
| ఇంకొకరిని తేవడం | కమీషను, పేరు మార్పు ఖర్చు | మనిషి దొరికేదాకా | ముగ్గురి సంతకాలు లేకపోతే |
| మాట్లాడుకుని రద్దు | 2 లక్షల్లో కొంత లేదా మొత్తం | రెండు మూడుసార్లు | ఆలస్యంగా చెబితే |
| మానేయడం, కోర్టు | 2 లక్షలు, పైగా 5 లక్షలకి ఏళ్ళ తరబడి ఎదురుచూపు | తారీకులకి | అన్నిచోట్లా |

ఎవరికి ఏది

పెళ్ళికాని కుర్రాడు, సర్వీసు ఇంకా పదేళ్ళపైన ఉన్నవాడు బరంపురంలో ఇంటికి అతుక్కుపోవాల్సిన పనిలేదు. మనిషిని వెతకండి, దొరక్కపోతే రద్దు చేసుకోండి. ఎక్కడ స్థిరపడతారో మీకే తెలియని వయసులో 20 ఏళ్ళ లోను ఎందుకు?

పిల్లలు ఇక్కడ స్కూల్లో కుదురుకుని, భార్య తరఫువాళ్ళు ఊళ్ళోనే ఉంటే కొనేయండి. ఫీల్డుకి వెళ్ళినవాళ్ళ కుటుంబాలకి ఎస్‌ఎఫ్ (సెపరేటెడ్ ఫ్యామిలీ) క్వార్టర్లు దొరుకుతాయంటారు గానీ, ఆ లైన్లో నిలబడ్డవాళ్ళకి దాని సంగతి తెలుసు. సొంతిల్లు ఉంటే భార్యకి సగం దిగులు తీరుతుంది. అగ్రిమెంటు ఆవిడ పేరు మీదకే మార్పించండి.

రిటైర్మెంటుకి రెండు మూడేళ్ళున్న జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసరు) అయితే గడువు పొడిగింపు, అది కుదరకపోతే కొనడం. ఈ ఒక్క పోస్టింగు అయితే మళ్ళీ ఇక్కడికే వస్తారు. అప్పుడు అదే వీధిలో ఇదే ధరకి ఇల్లు దొరకదు.

బిల్డరు ఫ్లాటు, ఇంకా పునాదుల్లోనే ఉందా? పైసా ఎక్కువ కట్టకముందే తప్పుకోండి. కట్టడం పూర్తయ్యేసరికి మీకు ఇంకో పోస్టింగ్ వస్తుంది.

రాయగడ, కోరాపుట్ వైపు స్థలం కొన్నవాళ్ళు ముందు పట్టాలో యజమాని ఎవరో, కులం ఏమిటో తహసీలులో చూపించుకోండి. ఆ తర్వాతే దారుల గురించి ఆలోచించాలి.

మీరే అమ్మేవాళ్ళయి, బదిలీ రద్దయి ఇల్లు ఉంచుకోవాలనిపిస్తే, పైన చెప్పినవి తలకిందులవుతాయి. బయానా తిరిగిచ్చేస్తే చాలదు, కొనేవాడు రిజిస్ట్రీ చేయమని కోర్టుకెళ్ళగలడు. అద్దె ఇంటి సంగతయితే చాలా తేలిక, పదకొండు నెలల ఒప్పందంలో నెల నోటీసు క్లాజు రాయించుకుంటే సరిపోతుంది.

ఇంకా సంతకం పెట్టనివాళ్ళు ఇది రాయించుకోండి

"కొనుగోలుదారు సైనిక సేవలో ఉన్నందున, రిజిస్ట్రేషన్ గడువు లోపల అతనికి గంజాం జిల్లా బయటికి బదిలీ ఉత్తర్వు వస్తే, వచ్చిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా తెలిపి ఈ ఒప్పందం నుంచి తప్పుకోవచ్చు, లేదా తాను చెప్పినవారి పేరిట రిజిస్ట్రేషన్ కోరవచ్చు. తప్పుకుంటే అమ్మేవారు 25,000 రూపాయలు మినహాయించుకుని మిగిలిన మొత్తాన్ని 45 రోజుల్లోగా బ్యాంకు ద్వారా తిరిగి ఇవ్వాలి."

అంకెలు, జిల్లా మీ బేరాన్నిబట్టి మార్చుకోండి. అమ్మేవాడికి కూడా కొంత వదిలితేనే ఈ క్లాజుకి ఒప్పుకుంటాడు, సున్నా రాయమని పట్టుబట్టకండి. బయానా తక్కువగా, వాయిదాలు 'ధరలో భాగంగా' అని రాయించండి. ఇంకొక మాట, పోస్టింగ్ ఆర్డరు ఫోటో తీసి బ్రోకరు వాట్సాప్‌కి పంపకండి. ఏ యూనిట్ ఎక్కడికి కదులుతోందో వాడికెందుకు? బదిలీ అయిందని, ఫలానా తేదీన బయల్దేరాలని మాత్రమే రాసి యూనిట్ ఆఫీసు నుంచి చిన్న సర్టిఫికెట్ తీసుకోండి. అమ్మేవాడికైనా బ్యాంకుకైనా అది చూపిస్తే చాలు.

మన చీపురుపల్లి కుర్రాడి కాగితం మూడో పేజీలో, మా పక్కింటి ఒడియా మాస్టారు చదువుతూ చదువుతూ ఆగి, "తన పేరునగానీ తాను సూచించినవారి పేరునగానీ" అని తెలుగులో చెప్పారు. వాడు మళ్ళీ చదవమన్నాడు. ఆ సాయంత్రమే యజమానికి ఫోన్ చేసి పోస్టింగ్ సంగతి చెప్పించాను. పదిహేను రోజుల్లో మెడికల్ కాలేజీలో చేసే ఒక నర్సమ్మ, ఆవిడ భర్త ఇల్లు చూడ్డానికొచ్చారు. రెండోసారి ఆవిడ తల్లిని తీసుకొచ్చి, వంటగది ఏ మూలనుందో చూపించారు. కాగితం మీద ముగ్గురూ సంతకాలు పెట్టిన రోజు ఏడు లక్షలూ కుర్రాడి ఖాతాలో పడ్డాయి. బ్రోకరు మాత్రం తన కమీషను రెండువైపులా తీసుకున్నాడు.